చిన్నరెడ్డి మూత

“అత్తా, చిన్నరెడ్డి అంటే ఎవరు? నంద్యాల మెకానికా?” అని మా తమ్ముని కొడుకు శశి ఫోన్ చేసి అడిగినప్పుడు నేను చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తూ కూర్చున్నాను. ఆళ్ళగడ్డలో మా పాత ఇంటి గడ్డి కొట్టంలో ఏళ్ళ తరబడి పడి ఉన్న పికప్పు బండిని వాడు బయటికి లాగించాడట. బెంగళూరులో పాత బండ్ల ప్రదర్శన ఒకటి ఉందనీ, దీన్ని బాగుచేయించి అక్కడికి తోలుకుపోవాలనీ వాడి పట్టుదల. బండి చూడడానికి వచ్చిన ఒక ముసలి లారీ డ్రైవరు ముందు మూత ఎత్తి చూసి, “ఇది చిన్నరెడ్డి మూత గదప్పా! ఇంగా ఉండాదే!” అని ఆశ్చర్యపోయాడట. మామూలు బండ్ల బానెట్ ముక్కు దగ్గర లేస్తుంది, అద్దం దగ్గర బందులుంటాయి. మా పికప్పుకు వ్యవహారం తిరగబడింది. బందులు ముక్కు దగ్గర, తెరిచేది అద్దం దగ్గర. లేపితే మూత ముందుకు, రోడ్డు వైపుకు వాలుతుంది. “ఇట్లాంటిది చేపిచ్చుకోవాలని ఇప్పుడు జనం ఊర్లూర్లు తిరుగుతాండారత్తా. మనకు ఆ కాలంలోనే ఎవరో మొనగాడు చేసిపెట్టినాడు” అని వాడు మురిసిపోయాడు. మూత తుప్పు పట్టి జల్లెడైంది కాబట్టి అవే కొలతలతో కొత్తది చేయించాలి. అందుకు ఆ చిన్నరెడ్డో, అతని కొడుకో, శిష్యుడో దొరకాలి. అదీ వాడి అవసరం.

చిన్నరెడ్డి మెకానిక్కు కాదు. మా చిన్నాయన, మా నాయనకు తమ్ముడు. ఇంట్లో ప్రతాప్ అని పిలిచేవాళ్ళు, ఊళ్ళో చిన్నరెడ్డి అనేవాళ్ళు. ప్రతాప్ తాత అనే ఒకాయన యాక్సిడెంటులో పోయాడని శశికి తెలుసు, గోడ మీద ఫోటో కూడా ఉంది. ఆ ఫోటోకూ ఈ మూతకూ ముడి ఉందని వాడికి ఎవరూ చెప్పలేదు. మా ఇంట్లో కొన్ని సంగతులు చెప్పకపోవడమే పెద్దరికం. “ఆ మూత చేసినాయప్ప పేరు హుసేన్ సాయిబు. నంద్యాలలోనే ఉండాల. నేను చూపిస్తా లే” అని ఫోన్ పెట్టేసి, మిగిలిన చిక్కుడుకాయలను ఈనెలతోపాటే తరిగేశాను. ఆ రోజు కూర ఎవరూ తినలేకపోయారు.

ఆ ఏడాది నేను పదో తరగతి తప్పాను, లెక్కల్లో. మా ఇంట్లో ప్రేమ లేదని అనను గాని, ఉన్న ప్రేమను తిట్టులో చుట్టి ఇవ్వడం తప్ప ఇంకో రకంగా ఇవ్వడం ఎవరికీ చేతనయ్యేది కాదు. మా జేజి, అంటే నాయనమ్మ, ఇంటికి వచ్చిన ప్రతి ఒక్కరికీ నన్ను చూపించి “ఇది మా తప్పిన పాప” అని పరిచయం చేసేది. ఆమె తెల్లవారకముందే లేచి, ముక్కుపొడి పీల్చి, నీళ్ళ పొయ్యి ముందు కూర్చొని ఇంట్లో ఒక్కొక్కరినీ వరసపెట్టి తిట్టుకుంటూ వచ్చేది. ఆ వరసను బట్టి ఆ రోజు ఆమెకు ఎవరి మీద దిగులుగా ఉందో మాకు తెలిసిపోయేది. జేజినాయన, అంటే ఊళ్ళోవాళ్ళ పెద్దరెడ్డి, మాట్లాడడు. నడవలో చెక్కకుర్చీలో కూర్చొని రోడ్డు మీద పోయే బండ్ల చప్పుడు వింటూ ఉండేవాడు. ఆయన ఒక మాట అన్నాడంటే అది జరిగిపోవలసిందే. ఆ మౌనాన్ని చూసి ఊరంతా ఆయన్ను ధర్మాత్ముడనుకునేది. మాట్లాడనివాడు మంచివాడని ఎవరు చెప్పారో గాని, నా బతుకులో నేను చూసిన కఠినాత్ములంతా తక్కువ మాట్లాడేవాళ్ళే. నేనూ తక్కువే మాట్లాడతాను.

పికప్పు జేజినాయన ఎక్కడో వేలంలో పాడిన బండి. ముందు ముగ్గురు ఇరుక్కొని కూర్చునే సీటు, వెనుక తొట్టి. శెనక్కాయ మూటలు, పశువుల మేత, పెళ్ళికి పోయే చుట్టాలు, అన్నీ ఆ తొట్టిలోనే. దాన్ని తోలేది చిన్నాయన ఒక్కడే. పెళ్ళయి ఏడాది కాలేదు, పెళ్ళాం మొహం కంటే బండి మొహమే ఎక్కువసార్లు చూస్తాడని జేజి ఎకసెక్కాలాడేది. దానికి చిన్న సొట్ట పడినా నంద్యాలకు, ఆత్మకూరు బస్టాండు దగ్గర రేకుల పని చేసే హుసేన్ సాయిబు కొట్టానికి పోవలసిందే. అప్పుడు సాయిబుకు ముప్పై ఏళ్ళుంటాయేమో. నేను రెండు మూడుసార్లు తొట్టిలో కూర్చొని చిన్నాయనతో పోయాను. అక్కడ అడుగుపెట్టగానే కార్బైడు వాసన ముక్కు పట్టేసేది. గ్యాసు వెల్డింగు కోసం డ్రమ్ములో కార్బైడు రాళ్ళు వేసి నీళ్ళు పోస్తే కుళ్ళిన వెల్లుల్లి కంపు లేచేది. సాయిబు సొట్ట మీద ఎప్పుడూ గట్టిగా కొట్టడు. రేకు కింద ఇనుప దిమ్మె ఆనించి, పైనుంచి చిన్న సుత్తితో పిల్లను జోకొట్టినట్టు కొట్టేవాడు. పని అయ్యాక జేబులోంచి ఒక బీడీ తీసి, బానెట్‌కూ మడ్‌గార్డుకూ మధ్య సందులో చుట్టూ నడిపించేవాడు. బీడీ ఎక్కడా నలగకుండా, ఎక్కడా జారి లోపల పడకుండా తిరిగి వస్తే పని అయినట్టు. అప్పుడు దాన్ని వెలిగించుకునేవాడు. నలిగితే మళ్ళీ బందులు విప్పేవాడు, మేము ఎంత తొందరపెట్టినా సరే.

ఆయుధపూజకు ముందురోజు బండి ఆయన దగ్గరి నుంచే వచ్చింది. బానెట్ మీద పాత సొట్టలన్నీ తీసి, ఎర్ర రంగు కొట్టి, తళతళలాడేటట్టు పంపాడు. పండుగ రోజు పొద్దున బండిని కడిగి పసుపు కుంకుమలు పెట్టి మాల కట్టే పని నాకు పడింది, చదువూ సంధ్యా లేకుండా ఇంట్లో ఉన్నదాన్ని నేనొక్కదాన్నే గనక. అరటినారతో కట్టిన పెద్ద బంతిపూల మాల. పక్క అద్దాల నుంచి బానెట్ ముక్కు దాకా వేలాడాలి. కొత్త రంగు నున్నగా ఉండి మాల ఎన్నిసార్లు సర్దినా జారిపోతోంది. చిన్నాయన అప్పటికే కొత్త చొక్కా వేసుకొని సీట్లో కూర్చొని ఉన్నాడు. “మేయ్ పాపా, అదన్నా నిలబెట్టు. పది తప్పినట్ల మాల గూడా తప్పిస్తే ఎట్ల?” అని అరిచాడు. పనివాళ్ళంతా నవ్వారు. నాకు ఒళ్ళు మండింది. బానెట్ ఎత్తి, అరటినార ముడిని కొక్కెం దగ్గర లోపలికి దోపి, మూత దించాను. అది పూర్తిగా పడలేదు, వేలెడంత ఎత్తు మిగిలింది. రెండు అరచేతులూ ఆనించి ఒంటి బరువంతా వేసి నొక్కితే ఇంకాస్త దిగింది. మాల కదలలేదు. నాకు కావలసిందదే.

“మూత పడిందా పాపా?” అని చిన్నాయన సీట్లోంచి అడిగాడు.

“పడింది పో” అన్నాను.

ఆయనతో నేను మాట్లాడిన చివరి మాట అదే. జేజి బూడిద గుమ్మడికాయ తిప్పి దిష్టి తీసి పగలగొట్టింది, నిమ్మకాయలు చక్రాల కింద చితికాయి. పూజ చేసిన బండి కొంత దూరమైనా పోయి రావాలని ఆచారం. పండుగకు నంద్యాలలో పుట్టింటికి పోయిన చిన్నమ్మను తీసుకొస్తానని చిన్నాయన బయలుదేరాడు. శిరివెళ్ళ దాటాక జరిగింది. సైకిలు మీద ఎదురొచ్చిన ఒక రైతు చూశాడు. ఆయనే మా ఇంటికి వచ్చి చెప్పాడు. “బండి జోరుగా వస్తాంది నాయనా. ఉన్నట్టుండి మూత దెబ్బన లేసి అద్దానికి అడ్డం పడె. ఆయప్పకు దావ యాడ కనపడ్తాది? నేరుగా పోయి చింతచెట్టుకు కొట్టుకునె.” నంద్యాల ఆసుపత్రి చేరేలోపలే ప్రాణం పోయింది. అక్కడికి మైలు దూరం కూడా లేని ఇంట్లో చిన్నమ్మ తల దువ్వుకొని, కనకాంబరాలు పెట్టుకొని, పెట్టె సర్దుకొని కూర్చొని ఉందట.

దీపాలు పెట్టే వేళకు శవం జీపులో వచ్చింది. బండిని ట్రాక్టరుకు కట్టి లాక్కొచ్చి వాకిట్లో వదిలారు. కుడి తలుపు, కుడి మడ్‌గార్డు నుజ్జయ్యాయి. మూత వెనక్కు విరుచుకొని అద్దం మీద పడి ఉంది. అందరూ లోపల శవం చుట్టూ పడి ఏడుస్తుంటే నేను వాకిట్లోకి పోయాను. ముక్కు దగ్గర కొక్కెంలో అరటినార ముడి అట్లాగే ఉంది, నలిగి, నూనె పట్టి. పూలు మాత్రం ఒక్కటీ లేవు. నేను ఆ ముడిని గోళ్ళతో పెరికి తీశాను. పెరటిలోకి పోయి నీళ్ళ పొయ్యిలో వేశాను. పచ్చి నార వెంటనే కాలలేదు, పొగ వచ్చింది. వెనక్కు తిరిగితే జేజి నిలబడి ఉంది, శవానికి స్నానం చేయించే నీళ్ళ కోసం వచ్చినట్టుంది.

“ఏందే అది?”

“మాల నార జేజీ. కొక్కెంలో ఇరుక్కున్యాది. నేనే దోపినా. దానివల్లే…”

ఆమె నా చెంప మీద కొట్టింది. ఏడుస్తూనే కొట్టింది. “దేవునికి ఏసిన మాల మనిషిని సంపుతాదా? పూజ సంపుతాదా? పాపిష్టిదానా, ఇంగోసారి ఆ మాట నీ నోట్లోనుంచి వస్తే నాలిక కోస్తా. సాయిబు మూత సరిగ్గా బిగిచ్చలేదు. అంతే.” కట్టెతో నారను మంటలోకి తోసి, నీళ్ళ బిందె ఎత్తుకొని పోయింది. నన్ను కాపాడడానికి అన్నదో, దేవుణ్ణి కాపాడడానికి అన్నదో నాకు ఈరోజుకీ తెలియదు. నాకైతే ఆ దెబ్బ తగిలాక ప్రాణం కుదుటపడింది. ఆ మాట రాస్తుంటే సిగ్గేస్తోంది గాని, నిజం అదే.

హుసేన్ సాయిబును ఎవరూ పిలవలేదు. సంగతి తెలిసి, మట్టి చేసే చోటికి తనే వచ్చాడు. మరుసటి రోజు జేజినాయన ఎదుట వాకిట్లో నిలబెట్టి అడిగారు. “రెండుసార్లు మూసి, ఊపి చూసి పంపినా రెడ్డీ. అల్లా మీద ఆన” అన్నాడు. “ఆ మూత మీద చెయ్యి ఏసినోడివి నువ్వు గాక ఇంగెవరుండారప్పా?” అని జేజినాయన నెమ్మదిగా అడిగాడు. ఆ ప్రశ్నకు ఎవరూ నా వైపు చూడలేదు. మాల కట్టడం మూత మీద చెయ్యి వేయడం కిందికి వస్తుందని ఆ వాకిట్లో యాభైమందిలో ఒక్కరికీ తట్టలేదు. పని వేరు, పూజ వేరు. పనిలో తప్పు జరుగుతుంది, పూజలో జరగదు. నేను స్తంభం పక్కన దొంగకు తేలు కుట్టినట్టు నిలబడ్డాను. మా నాయన మేనమామ ఒకాయన “వీని చేతులిరగ్గొడ్దాం” అని లేచాడు. జేజినాయన చెయ్యెత్తి ఆపాడు. “వద్దు. ఆ చేతులతో పనుండాది” అన్నాడు. “మూత తిప్పి ఏయి సాయిబూ. గాలికి మూసుకోవాల గాని తెరుసుకోగూడదు. దినాలయ్యేలోపల, ఈ వాకిట్లోనే, నా కండ్ల ముందర చెయ్యి.”

అట్లా మొదలైంది. సాయిబు నంద్యాల నుంచి కార్బైడు డ్రమ్మూ, సుత్తులూ తెచ్చుకొని మా వాకిట్లో ఎండలో కూర్చున్నాడు. పందిరి వేయనివ్వలేదు. తాగే నీళ్ళు తనే సీసాలో తెచ్చుకునేవాడు. పరామర్శకు వచ్చిన ప్రతి చుట్టాన్నీ మొదట ఆయన దగ్గరికి తీసుకుపోయి “ఈయప్పే” అని చూపించేవాళ్ళు. ఆడవాళ్ళు మట్టి తీసి పోసి శాపనార్థాలు పెట్టి, కాళ్ళు కడుక్కొని లోపలికి వచ్చి ఏడ్చేవాళ్ళు. శవం ఇంట్లో లేదు కాబట్టి చూడడానికి ఏదో ఒకటి ఉండాలి కదా. ఆయన తలెత్తేవాడు కాదు. మడ్‌గార్డు సొట్ట తీసి, అద్దం దగ్గరి బందులు కోసేశాడు. ముక్కు కింద చాసీకి రెండు ఇనుప చేతులు అతికి, ట్రాక్టరు నాగలికి వేసే లావు పిన్నులు గుచ్చి, మూతను వాటి మీద నిలబెట్టాడు. మొదటిసారి ఎత్తగానే మూత పెదవి ముందున్న జాలీకి కొట్టుకొని రంగు లేచిపోయింది. కుర్చీలోంచి జేజినాయన “మళ్ళా” అన్నాడు. రెండోసారి పిన్నులను నాలుగు వేళ్ళు ముందుకు జరిపాడు. ఈసారి లేచింది గాని, దించితే ఒక పక్క ఎత్తు, ఒక పక్క పల్లం. “మళ్ళా.” ఆ మాట తప్ప తొమ్మిది రోజుల్లో జేజినాయన ఇంకో మాట అన్నట్టు నాకు గుర్తు లేదు.

మా చిన్నమ్మ గది దాటి వచ్చింది ఒక్కసారే. నాలుగో రోజో ఐదో రోజో. బొట్టు తీసేసిన మొహంతో నేరుగా సాయిబు దగ్గరికి పోయింది. తిడుతుందనుకొని అందరం చూస్తున్నాం. ఆమె తిట్టలేదు. “సాయిబూ, ఆ పొద్దు మూత ఏసేటప్పుడు నువ్వు ఏం ఆలోచన చేస్తాంటివి?” అని అడిగింది. నిజంగా తెలుసుకోవాలనే అడిగింది. సాయిబు సుత్తి కింద పెట్టాడు. మొదటి రోజు అల్లా మీద ఒట్టుపెట్టిన మనిషి, అప్పుడు “మతికి లేదమ్మా” అన్నాడు. చిన్నమ్మ తలూపి లోపలికి పోయింది. మరుసటి రోజు నుంచి ఆయన వచ్చినవాళ్ళు అడక్కముందే “రెండోసారి ఊపినానో లేదో నాయనా, పండగ తొందర” అనడం మొదలుపెట్టాడు. దినాలు వచ్చేసరికి “ఊపలేదు. నాదే తప్పు” అంటున్నాడు. తొమ్మిది రోజుల్లో ఒక మనిషి చేయని తప్పును ముక్క ముక్కగా గుర్తు తెచ్చుకోవడం నేను స్తంభం పక్కన నిలబడి చూశాను. నా తప్పు నాకు ఒక్కో రోజూ తేలికవుతోంది, ఆయన దాన్ని మోసుకుపోతున్నాడు గనక. దినాల రోజు మధ్యాహ్నం జేజి నాకు కొత్త బెల్లంతో పాయసం పెట్టింది, తినమని బలవంతం చేసి మరీ.

తొమ్మిదో రోజు మూత సరిగ్గా కూర్చుంది. సాయిబు బీడీ తీసి సందులో నడిపించాడు, నలగలేదు. వెలిగించుకోకుండా చెవి మీద పెట్టుకున్నాడు. అద్దం దగ్గర రెండు కొక్కేలు, అవి చాలవని అడ్డంగా ఒక తోలు పట్టీ. జేజినాయన కుర్చీలోంచి లేచి వచ్చి, పట్టీ విప్పమన్నాడు. కొక్కేలు రెండూ తీయమన్నాడు. “ఇప్పుడు తోలు. శిరివెళ్ళ దాంకా” అన్నాడు. నుజ్జయిన కుడి తలుపుకు బదులు తాడు కట్టిన సీటులో సాయిబు కూర్చున్నాడు, పక్కన జేజినాయన. చుట్టాలంతా తొట్టిలోకి ఎక్కారు. నన్నూ ఎక్కించారు. సాయిబు మొదట మెల్లగా పోనిచ్చాడు. “జోరుగా” అని జేజినాయన గొంతు వినిపించింది. వెనుక అద్దంలోంచి నాకు సాయిబు మెడ కనిపిస్తోంది, చెమటతో, కార్బైడు మసితో. ఆయన కళ్ళు రోడ్డు మీద కాదు, మూత మీద ఉన్నాయని ఆ మెడను చూస్తేనే తెలుస్తోంది. గాలి తగిలేకొద్దీ మూత కిందికి అణిగిపోతోంది తప్ప లేవడం లేదు. ఆ చింతచెట్టు దగ్గర బండి ఆపించి జేజినాయన దిగాడు. చెట్టు బెరడు లేచిపోయిన చోట చెయ్యి పెట్టి కాసేపు నిలబడ్డాడు. తిరిగి వచ్చి, “ఈ బుద్ధి ముందే ఉంటే నా కొడుకు ఉండేటోడు” అన్నాడు. సాయిబు స్టీరింగు మీద తల పెట్టుకొని ఎక్కిళ్ళు పెట్టి ఏడ్చాడు. అప్పుడు నేను చెప్పగలిగేదాన్ని. తొట్టిలోంచి ఒక్క మాట. చుట్టూ అందరూ ఏడుస్తున్నారు కాబట్టి నేనూ ఏడ్చాను, అది అందరికీ సరిపోయింది.

చిన్నమ్మ పుట్టింటికి పోయి మళ్ళీ రాలేదు. ఆ బండిని మా నాయన కొన్నాళ్ళు తోలి, తర్వాత కొట్టంలో పెట్టేశాడు. మూత మాత్రం నంద్యాల చుట్టుపక్కల పేరు తెచ్చుకుంది. వెలుగోడు నుంచి, మిడుతూరు నుంచి పాత జీపుల వాళ్ళు సాయిబు దగ్గరికి వచ్చి “నా బండికి గూడా చిన్నరెడ్డి మూత ఏయప్పా” అని అడిగేవాళ్ళట. చచ్చినవాని పేరు మూతకు అతికింది గాని చేసినవాని పేరు అతకలేదు. నేను పది మళ్ళీ రాసి, ప్యాసై, టీచరునై, నంద్యాలలోనే ఇన్నేళ్ళు పనిచేసి రిటైరయ్యాను. ఆత్మకూరు బస్టాండు మా ఇంటికి నడిచిపోయేంత దూరం. బడికి పోవాలన్నా రావాలన్నా ఆ దారే దగ్గర. నేను చుట్టూ తిరిగి మార్కెట్టు మీదుగా పోయేదాన్ని. పిల్లలకు నీతి పాఠాలు చెప్పాను. అబద్ధమాడిన పిల్లలను మోకాళ్ళ మీద నిలబెట్టాను కూడా.

శశి బండిని లారీలో నంద్యాలకు తెచ్చాడు. సాయిబు కొట్టం ఇప్పుడు రేకుల షెడ్డు. కార్బైడు వాసన లేదు, సిలిండర్లు వచ్చాయి. నడిపేది సాయిబు కొడుకు రసూల్. యాభై దాటిన మనిషి. బండి చూడగానే ఎవరి బండో అడగకుండా “నాయన చేసిన మూతే” అన్నాడు. కొత్త రేకు కోసి, వంచి, అవే ఇనుప చేతుల మీద నిలబెట్టడానికి వారం పట్టింది. పాత పిన్నులు ఒక్క పిసరు అరగలేదని రసూల్ నాకు తీసి చూపించాడు. మూత బిగించే రోజు నేనూ వెళ్ళాను. హుసేన్ సాయిబు గోడ పక్కన ఏదో కారులోంచి ఊడదీసిన సీటు మీద కూర్చొని ఉన్నాడు. ఎనభైకి దగ్గర. తెల్లటి గడ్డం, చేతుల మీద పాత కాలిన మచ్చలు. నన్ను గుర్తుపట్టలేదు. “పెద్దరెడ్డి మనవరాలు నాయనా” అని కొడుకు అరిచి చెబితే లేవబోయాడు. నేను కూర్చోబెట్టాను. మూడు రోజులుగా ఒకే ఒక్క వాక్యాన్ని తయారుచేసుకొని వచ్చాను. మూత తెరుచుకున్నది నీవల్ల కాదు సాయిబూ, నావల్ల. అంతే, అంతకంటే ఏమీ లేదు. ఆయన పక్కన వంగి ఆ వాక్యం అన్నాను.

“ఏందమ్మా?” అన్నాడు. మళ్ళీ అన్నాను. ఆయన చెవి దగ్గర చెయ్యి పెట్టుకొని నవ్వు మొహంతో నా పెదాలనే చూస్తున్నాడు. రసూల్ వచ్చి, “గట్టిగా అరిసి చెప్పాలమ్మా. అరవై ఏండ్లు రేకులు కొట్టె, చెవులు రెండూ పాయె” అని, పనివాళ్ళ వైపు తిరిగి “రేయ్, ఒక్క నిమిషం ఆపండప్పా, అమ్మ మాట్లాడ్తాంది” అని కేకేశాడు. సుత్తులు ఆగాయి. గ్రైండింగు మిషను ఆగింది. షెడ్డులో ఆరుగురు మనుషులు, రసూల్, రోడ్డు మీద టీ కొట్టువాడు, అందరూ నా వైపు తిరిగారు. శశి కొత్త మూతను వీడియో తీస్తున్నవాడు ఫోన్ నా వైపు తిప్పాడు. నేను గొంతు సవరించుకున్నాను.

“బానెట్ బాగుంది సాయిబూ!” అని అరిచాను.

ఈసారి వినిపించింది. ముసలాయన మొహం విప్పారింది. “బాగుండకేం జేస్తాదమ్మా” అన్నాడు, చెవిటివాళ్ళు మాట్లాడినట్టు షెడ్డంతా వినపడేలా. “మీ చిన్నాయన్ను సంపి నేర్చుకున్న పని గదా.”

అప్పుడు నాకు పదహారేళ్ళు. పెద్దవాళ్ళ భయం అని చెప్పుకోవచ్చు, ఇన్నాళ్ళూ అట్లాగే చెప్పుకున్నాను. ఇప్పుడు మా ఇంట్లో నన్ను కొట్టేవాళ్ళెవరూ బతికి లేరు. జేజి లేదు, జేజినాయన లేడు. పెద్దదాన్ని నేనే. షెడ్డులో ఆ రోజు నేను భయపడ్డది ఎవరికంటే, టీ కొట్టువాడికి. ఇదంతా ఇక్కడ రాయడం గొప్పేమీ కాదు. సాయిబుకు తెలుగు చదవడం రాదు, ఆ సంగతి తెలిసే రాస్తున్నాను.

శశికి ఆ మాటతో సంగతి సగం అర్థమైంది. దారిలో అడిగితే, మిగతా సగం మా ఇంట్లో అందరూ చెప్పే విధంగానే చెప్పాను. వాడు కళ్ళు తుడుచుకున్నాడు. బెంగళూరుకు పోయేముందు ఆ వీడియోను అందరూ చూసేచోట పెట్టాడు, తన చేతిలో పోయిన మనిషిని ఇన్నేళ్ళయినా మరిచిపోని పనివాడు అని పైన రాసి. చాలామంది చూశారట. కింద చేతులు జోడించిన బొమ్మలు పెట్టారు. తప్పు ఒప్పుకోవడానికి ఎంత గుండె కావాలి, ఇట్లాంటి మనుషులు ఇప్పుడు ఏరీ అని ఒకరు రాశారు. ఎంత ఒప్పుకున్నా పోయిన ప్రాణం వస్తుందా అని ఇంకొకరు రాశారు. వాళ్ళిద్దరూ చాలాసేపు వాదించుకున్నారు. సాయిబు మాట్లాడకముందు ఒక ముసలామె గొంతు చించుకొని బానెట్ బాగుందని అరవడం ఆ వీడియోలో స్పష్టంగా వినిపిస్తుంది. ఆమె ఎవరని ఒక్కరూ అడగలేదు.